సమస్య: కన్ను వినెను పాట కర్ణ మరసె

తుంగభద్ర (కర్నూలు):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి దీన్ని పూరించాలి.

కన్ను వినెను పాట కర్ణ మరసె

కర్ణము అరసె, అంటే చెవి చూసింది. పూరణ మ్యూజిక్ వీడియో గురించో, లైవ్ కచేరీ గురించో ఉండాలి. కర్ణుడి వైపు, భారతం వైపు వెళ్లొద్దు.

ఈ పాదం ఎందుకు తట్టిందో చెప్తాను. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాట నేను టేపులో చాలాసార్లు విన్నాను. తర్వాత ఎప్పుడో మా మామ వీడియో క్యాసెట్ అద్దెకు తెచ్చి చూపించాడు. 1983లో వచ్చిన ఆ వీడియో దాదాపు 14 నిమిషాలు ఉంటుంది, తీసింది జాన్ లాండిస్ అనే సినిమా దర్శకుడు. శవాలు లేచి అందరూ ఒకే అడుగు వేస్తుంటే, టేపులో నాకెన్నడూ పట్టుబడని కింది స్థాయి బేస్ స్వరం ఆరోజు వినపడింది. అడుగు ఎక్కడ పడుతోందో కన్ను చెప్పింది, చెవి పట్టుకుంది. మంచి వీడియో అంటే నాకు అదే. పాటకు బొమ్మలు అతికించడం కాదు, పాటలో దాగున్నది వినిపించడం.

కొత్తవాళ్ల కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (గలం, నగణం), రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో హల్లూ అచ్చూ కుదరాలి. యతి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కుదిరే ప్రాసయతి కూడా చెల్లుతుంది. అరసున్నలు, సరళాదేశాలు (క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం) పట్టించుకోం. వేమన నోట ఆడిన ఛందస్సు ఇది, భయపడొద్దు.

పెన్న ఒడ్డు (కడప):

కిటికి యవల నిలిచి గెంతుచు చూచితి
పెట్టెలోని పాట బిడ్డనగుచు
రాత్రి పడకలోన రాగాలు గుర్తొచ్చి
కన్ను వినెను పాట కర్ణ మరసె

మా వీధిలో ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేది. 1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో 'మిలే సుర్ మేరా తుమ్హారా' అనే సమైక్యతా గీతం మొదటిసారి వేశారు. ఆ తర్వాత అది ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేది. కిటికీ బయట పిల్లలం పదిమందిమి. లోపలి శబ్దం మాకు సగమే అందేది. హిందుస్తానీ గాయకుడు భీంసేన్ జోషి గారి నోరు తెరుచుకోవడం చూసి, ఆ స్వరం ఎంత పెద్దదో ఊహించుకునేదాన్ని. రాత్రి కళ్లు మూసుకుంటే ఆ ముఖాలన్నీ రాగంతోపాటే వచ్చేవి. ఇప్పటికీ నా లెక్కలో మన దేశం తీసిన మ్యూజిక్ వీడియోల్లో దాని తర్వాతే ఏదైనా.

కేసీ కాలువ:
అమ్మా, కిటికీ అవతల గెంతడం కళ్లకు కట్టింది. కి-గె, పె-బి యతులు సరిగ్గా కుదిరాయి. ఒక్కచోటే ఇబ్బంది. 'గుర్తొచ్చి' అన్నది క్త్వార్థం, అంటే 'చేసి', 'చూసి' లాంటి ముగియని క్రియ. దాని కర్త, వెనక వచ్చే క్రియ కర్త ఒకటే కావాలి. ఇక్కడ గుర్తొచ్చింది రాగాలు, విన్నది కన్ను. 'రాగముల్ తలపోయ' అంటే గణం, యతి చెడకుండా అన్వయం కుదురుతుంది.

పెన్న ఒడ్డు:
అయ్యవారూ, 'గుర్తొచ్చి' మా ఇంటి మాట, వదలాలంటే మనసు రాలేదు. కానీ మీరు చెప్పింది నిజం. మార్చుకుంటున్నాను.

అనంత గిటారు (అనంతపురం):

వేల జనము నడుమ వెనుక జిక్కితి నేను
కానరాదు వేది కనులు మూసి
గుండెలోన డోలు కొట్టినట్లుండంగ
కన్ను వినెను పాట కర్ణ మరసె

2011 అక్టోబర్ 30, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, అమెరికా హెవీ మెటల్ బృందం మెటాలికా కచేరీ. అనంతపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయినాం. చాలా వెనక నిలబడినాం. హెట్‌ఫీల్డ్ పాడుతూ ఏ పక్క ఉన్నాడో, హామెట్ గిటారు వాయిస్తూ ఏ పక్క ఉన్నాడో స్పీకర్ల శబ్దాన్ని బట్టి ఊహించడమే. అయినా అంత బాగా నేను ఏ కచేరీనీ 'చూడలేదు'. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు డ్రమ్ము చెవిలోనే ఆగిపోతుంది. మైదానంలో అది నేలమీంచి కాళ్లలోకి వచ్చి, ఛాతీలో కొడుతుంది.

వాళ్ల మొదటి మ్యూజిక్ వీడియో 'వన్', 1989లో వచ్చింది. యుద్ధంలో కళ్లు, చెవులు, కాళ్లు, చేతులు అన్నీ పోయిన సైనికుడి కథ. ఆస్పత్రి మంచం మీద పడుకుని తల కదుపుతూ మోర్స్ కోడ్‌లో మాట్లాడతాడు. ఈ సమస్య చూడగానే నాకు ఆయనే గుర్తొచ్చినాడు. పద్యంలో పెట్టాలని రెండు రాత్రులు కూర్చున్నా, కుదర్లేదు.

తుంగభద్ర:
తమ్ముడూ, 'కర్ణ మరసె' అద్భుతంగా సరిపోయింది. కానీ కనులు మూసుకున్నాక కన్ను వినడం ఎట్లా? సమస్యలో సగం తెగలేదు. నీ ముందున్న వేలమంది చేతులు ఊపుతూ ఉంటారు కదా. వేదిక కనపడకపోయినా ఆ చేతుల్లో తాళం కనపడుతుంది. దాన్ని పట్టుకో.

పెన్న ఒడ్డు:
డోలు బదులు 'ఉరుము' పెట్టు అబ్బాయ్. మీ అనంతపురం వాయిద్యమే కదా. గుండెలోన నురుము. గణం చెడదు.

అనంత గిటారు:
అక్కా, ఇంత దగ్గరది నాకెందుకు తట్టలేదో! మా ఊరి జాతరలో ఉరుములవాళ్లు వాయిస్తే కడుపులో అదురుతుంది, అచ్చం ఆరోజు అట్లే ఉండె. సవరించినా, చూడండి.

వేల జనము నడుమ వెనుక జిక్కితి నేను
కానరాదు వేది కరములాడె
గుండెలోన నురుము కొట్టినట్లుండంగ
కన్ను వినెను పాట కర్ణ మరసె

కేసీ కాలువ:
ఇప్పుడు రెండు సగాలూ తెగాయి. రెండు మాటలు మారిస్తే పద్యం ఎక్కడికి పోయిందో చూడండి.

బురుజు కుర్రాడు (కర్నూలు):
ఇదే నా మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి.

బస్సులోన రాత్రి ఫోనులో చూడగా
చేతులెత్తి జనులు చేరి చరచ
రెండు చరుపులందు రేగెను లయయెల్ల
కన్ను వినెను పాట కర్ణ మరసె

హైదరాబాద్ బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినా. పక్కనాయన నిద్రపోతున్నాడని సౌండ్ తీసేసి, లైవ్ ఎయిడ్ అనే విరాళాల కార్యక్రమంలో బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ కచేరీ చూసినా. 1985 జూలై 13, వెంబ్లీ స్టేడియం, ఇరవై నిమిషాలు. 'రేడియో గా గా' దగ్గర స్టేడియం మొత్తం చేతులెత్తి రెండుసార్లు చరుస్తుంది. ఆ పాట నేను అంతకుముందు విననే లేదు. చెవి ఆ శబ్దం కోసం వెతుక్కుంటూనే ఉంది. 'అరసె'కు వెతికింది అనే అర్థం తీసుకున్నా.

కేసీ కాలువ:
నాయనా, మొదటి పద్యమే ఇంత పట్టుగా రాశావు, సంతోషం. 'అరసె'ను వెతికిందని తీసుకోవడం ఎవరికీ తట్టని దారి. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. బ-ఫో హల్లులు కుదిరినా అచ్చులు కుదరలేదు. పైగా ఫోనుకు శబ్దం లేదన్న అసలు సంగతి పద్యంలో రాలేదు. 'బస్సులోన రాత్రి పలుకని ఫోనులో' అను. రెండూ తీరుతాయి.

తుంగభద్ర:
ఇక నాది.

సద్దు వినని దొరకు జయజయధ్వానాలు
వెనుక నుండి మ్రోగె వినకయుండె
పాట ముగియ నొకతె పట్టి త్రిప్పినయంత
కన్ను వినెను పాట కర్ణ మరసె

1824 మే 7, వియన్నా. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ తొలి ప్రదర్శన. ఆయనకు అప్పటికి చెవులు వినపడవు. వెనక జనం చప్పట్లు కొడుతున్నా తెలియకపోతే, కరోలిన్ ఉంగర్ అనే గాయని ఆయన్ని జనం వైపు తిప్పింది.

అనంత గిటారు:
అన్నా, ఏమనుకోవద్దు. ఆయన కన్ను విన్నది చప్పట్లు కదా, పాట కాదు. చెవి ఏం చూసిందో కూడా పద్యంలో లేదు.

తుంగభద్ర:
నిజమే తమ్ముడూ. ఆ కథ మీద ఇష్టంతో సమస్యను వదిలేశాను. ఆరోజు ఆయన వేదిక మీదే నిలబడి వేగం చూపిస్తూ ఉన్నాడు. పాడేవాళ్లూ అక్కడే ఉన్నారు. అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

సద్దు లేని చెవియె సంగీతమును గట్టె
పాడువారి పెదవి పలుక జూచి
చేయి యెత్తి లయకు జేరువై నిలువంగ
కన్ను వినెను పాట కర్ణ మరసె

కేసీ కాలువ:
'సద్దు లేని చెవియె సంగీతమును గట్టె' అన్న పాదం నాకు ఇవ్వండి, దాచుకుంటాను.

పెన్న ఒడ్డు:
రెండుసార్లు చదివినా. రెండోసారి పైకి చదివినా.

బురుజు కుర్రాడు:
అయ్యవారూ, సవరణ పెట్టుకున్నా. ఇప్పుడే సౌండ్ పెట్టి క్వీన్ పాట మొదటిసారి విన్నా. చప్పట్లు నేను బస్సులో అనుకున్న చోటే పడినాయి.