పాల్మనోవా కోట: బయట తొమ్మిది కోణాలు, లోపల ఆరు భుజాలు ఎందుకు?

ప్రశ్న:
ఇటలీ ఈశాన్య భాగంలోని పాల్మనోవా పట్టణాన్ని ఉపగ్రహ చిత్రంలో చూసినప్పటి నుంచి రెండు సందేహాలు నన్ను వదలడం లేదు. గోల్కొండలోని గుండ్రటి బురుజులను చూసి పెరిగినవాణ్ణి కనుక, ఒక కోటకు నక్షత్రంలా మొనలు ఎందుకు తీశారో నాకు బోధపడలేదు. పైగా ప్రాకారానికి తొమ్మిది కోణాలుండగా, నడిబొడ్డున ఉన్న చౌకుకు ఆరు భుజాలే ఎందుకు ఉన్నాయి?

సమాధానం 1:
మొనలు అందానికి తీసినవి కావు. ఎత్తైన పలుచని రాతిగోడలు ఫిరంగి దెబ్బకు కూలిపోతుండటంతో, ఇటలీ వాస్తుకారులు గోడను పొట్టిగా, వెడల్పుగా, లోపల మట్టి దట్టించి కట్టసాగారు. అయితే గుండ్రటి బురుజు ముందు భాగంలో, పక్క బురుజుల ఫిరంగులకు అందని కొంత చోటు మిగిలిపోతుంది. శత్రువు అక్కడికి చేరితే నిశ్చింతగా పునాదులు తవ్వుకోవచ్చు. బురుజును మొనదేల్చి, దాని రెండు ముఖాలూ పక్క బురుజుల గురిరేఖకు అనుగుణంగా సాగేలా కడితే ఆ చాటు ఉండదు. నక్షత్రాకారం ఈ గురిరేఖల వల్ల ఏర్పడినదే.

సమాధానం 2:
రెండో సందేహానికి జవాబు ద్వారాల్లో ఉంది. ఉదినే, చివిదాలే, అక్విలేయా ఊళ్ల పేర్లతో ఉన్న మూడు ద్వారాలూ ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంలో, బురుజుల మధ్య గోడల్లో ఉన్నాయి. తొమ్మిది బురుజుల మధ్య ఎడం 40 డిగ్రీలు కాబట్టి, రెండు ద్వారాల నట్టనడిమి దిశ సరిగ్గా ఒక బురుజు మీదికి పోతుంది. చౌకు నుంచి మూడు వీధులు ద్వారాలకు, మూడు బురుజులకు సాగుతాయి; ఆరు వీధులకు ఆరు భుజాలు. కాగితం మీద గీసి చూడండి, ముచ్చటేస్తుంది.

సమాధానం 3:
చరిత్ర కూడా కొంత చేర్చుతాను. తుర్కులనూ, పొరుగున ఆస్ట్రియాను ఏలుతున్న హాబ్స్‌బర్గు రాజవంశాన్నీ దృష్టిలో ఉంచుకుని, తుర్కుల మీద సాధించిన లెపాంటో నౌకాయుద్ధ విజయానికి ఇరవై రెండేళ్లు నిండిన రోజున, అంటే 1593 అక్టోబరు 7న, వెనిస్ గణతంత్రం దీనికి శంకుస్థాపన చేసింది. రూపకల్పనలో ప్రధాన పాత్ర జూలియో సవోర్న్యాన్‌ది. కోట లేచింది గానీ జనం రాలేదు. చివరికి 1622లో ఖైదీలను క్షమించి, ఇళ్ల స్థలాలు ఉచితంగా ఇచ్చి స్థిరపడమనవలసి వచ్చింది! 17వ శతాబ్దం ద్వితీయార్ధంలో రెండో రక్షణ వలయాన్ని, నెపోలియన్ పాలనలో మూడో వలయాన్ని చేర్చారు. అందుచేత మీరు చూసిన చిత్రంలో అన్నిటికన్నా వెలుపల కనిపించే మొనలు వెనిస్ వారివి కావు, ఫ్రెంచివారివి.