కాపరి తన లోపం సంఘం ముందు ఒప్పుకోవాలా, పెద్దల మధ్యే సరిచేసుకోవాలా?

కొండకింద కాపరి (గజపతి జిల్లా)

అందరికీ వందనాలు. పేరు రాయడం లేదు, ఏమీ అనుకోకండి. పర్లాకిమిడి చుట్టుపక్కల ఒక చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి పాస్టర్‌ని, కొండ మీద రెండు సవర పల్లెల్లో వారానికో కూడిక. పద్దెనిమిదేళ్లుగా ఇదే నా పని.

మాకు సాయం చేసేవాళ్లు కోస్తా వైపు ఉంటారు. ప్రతి మార్చిలో వాళ్లకి నివేదిక పంపాలి. పోయిన ఏడాది బాప్తిస్మాలు 41. నేను 60 అని రాశాను. మోసం చేద్దామని కూర్చోలేదు. ముందు పెన్సిలుతో ‘సుమారు 50’ అని రాశాను. ఆ ‘సుమారు’ చూడ్డానికి బాగోలేదని చెరిపేశాను. చెరిపాక 50 బోడిగా కనిపించింది. రబ్బరు రుద్దిన చోట కాగితం పల్చబడి వెనక పక్క అక్షరాలు తేలాయి. వాటి మీదే పెన్నుతో 60 దిద్దాను.

దానివల్ల డబ్బేమీ పెరగలేదు. వాళ్ల పత్రికలో నా ఫోటో వేశారు, అంతే. ఆ పేజీ ఫ్రేము కట్టించి గోడకి పెట్టాను. మా ఆవిడ ఇంట్లో ఫోటోలన్నీ శనివారం తుడుస్తుంది. దాన్ని తుడవదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయిన నెల అననీయ, సప్పీరా గురించి వాక్యం చెప్పాను, పొలం అమ్మిన డబ్బు గురించి అబద్ధమాడి ప్రాణం పోగొట్టుకున్న ఆ భార్యాభర్తల గురించి. గొంతు తడబడలేదు. నన్ను భయపెట్టింది ఆ సంగతే.

ఇప్పుడు ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పాలా? లేక ఇద్దరు పెద్దల దగ్గర ఒప్పుకుని ప్రార్థన చేయించుకుంటే సరిపోతుందా?

రాయగడ పెద్ద

అయ్యగారూ, సంఘంలో మాత్రం చెప్పకండి. ఇంటి గుట్టు లంకకు చేటు అని మనవాళ్లు ఊరికే అనలేదు. కోస్తాలో సంఘాలు పెద్దవి, ఒక పాస్టర్ పడితే ఇంకొకరు వస్తారు. ఇక్కడ మనం గుప్పెడు మందిమి. 2007 డిసెంబరు, 2008 ఆగస్టు, కంధమాల్‌లో క్రైస్తవుల మీద దాడులు జరిగిన అల్లర్ల రోజులు నాకు బాగా గుర్తు. పక్క జిల్లాలో ఉండి కూడా మేం రాత్రిళ్లు దీపం పెట్టుకోలేదు. పైగా మన ఒడిశాలో మతం మార్పిడి మీద 1967 నుంచి చట్టం ఉంది. ఇలాంటి చోట పాస్టరే లేచి ‘బాప్తిస్మాల లెక్క తప్పు రాశాను’ అంటే, ఆ మాట సోమవారానికి ఎవరి చేతికి చేరుతుందో ఆలోచించండి. ఇద్దరు పెద్దలు, తలుపు వేసి, మోకాళ్ల మీద. చాలు.

గుణుపురం లెక్కలు

పెద్దాయన మీద గౌరవంతోనే కాదంటున్నాను. మా సంఘంలో పదకొండేళ్లు కోశాధికారిగా చేశాను కాబట్టి లెక్క వైపు నుంచే మాట్లాడతాను.

చట్టం మాట మీరే ఎత్తారు. బాప్తిస్మాల సంఖ్య మీద ఇంత నిఘా ఉన్న చోట, లేని 19 మందిని కలిపి సంతకం పెట్టిన కాగితం ప్రమాదమా, దాన్ని దిద్దుకోవడం ప్రమాదమా? రేపు ఎవరైనా ‘ఆ అరవై మందినీ చూపించండి’ అంటే ఆ పంతొమ్మిది మందిని ఎక్కడి నుంచి తెస్తాం? భయం నిజమే. ఆ భయం వల్లే ఈ పాటికి 60 కొట్టేసి 41 రాసి ఉండాల్సింది.

ఇక అననీయ సంగతి. అపొస్తలుల కార్యములు 5లో పేతురు అతన్ని పొలం డబ్బు దాచుకున్నందుకు పట్టుకోలేదు. అమ్మకముందు నీదే, అమ్మాక కూడా నీ చేతిలోదే కదా అన్నాడు. కొంత తెచ్చి మొత్తం అన్నట్టు నటించినందుకు పట్టుకున్నాడు. అంటే బైబిల్లో మొదటి సంఘాన్ని కుదిపిన లోపలి పాపం అంకె పెంచి చూపడం. దావీదు జనాన్ని లెక్కపెట్టిన కథ (2 సమూయేలు 24) కూడా దీనికి దగ్గర చుట్టమే.

అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 1948లో కాలిఫోర్నియాలో మోడెస్టో అనే ఊళ్లో ఆయన, ఆయనతో పనిచేసే ముగ్గురూ కూర్చుని, సువార్తికులు ఎక్కడెక్కడ జారిపడుతున్నారో రాసుకున్నారు. తేలినవి నాలుగు: డబ్బు, స్త్రీల విషయం, స్థానిక సంఘాలను తక్కువ చేసి మాట్లాడటం, నాలుగోది ప్రచారంలో సంఖ్యలు పెంచడం. మనవాళ్లు మొదటి రెండూ చెప్పి ఆగిపోతారు. నాలుగోది ఎవరూ చెప్పరు, ఎందుకంటే అది అందరి ఇంట్లోనూ ఉంది. వాళ్లు మాత్రం దానికీ కట్టు వేసుకున్నారు. సభకి ఎంతమంది వచ్చారో తాము చెప్పకుండా, పోలీసులో మైదానం వాళ్లో ఇచ్చిన లెక్కే వాడాలనుకున్నారు. మనసు మారాలని ప్రార్థించి ఊరుకోలేదు, లెక్కపెట్టే పని తమ చేతుల్లోంచి తీసేశారు.

కాబట్టి నా మాట: అబద్ధం ఎంతమందికి చేరిందో నిజం అంతమందికి చేరాలి. మీ సంఘం ఆ 60ని వినలేదు. విన్నది ఆ కోస్తా వాళ్లు. ముందు ఉత్తరం అక్కడికి. సంఘం తర్వాత.

బరంపురం కుర్రాడు

అంకుల్, ‘సంఘం తర్వాత’ అంటే ఎప్పుడు? చనిపోయాకా? పేరున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరయ్య 2020 మేలో పోయారు. 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థ వేయించిన విచారణ నివేదికే బయటపెట్టింది, ఎంతమంది స్త్రీలతో ఎలా ప్రవర్తించారో. బతికుండగా ఒకామె చెబితే సంస్థ ఆయన పక్కనే నిలబడింది. ఇంకో సంగతి, ఆయన పేరు ముందు డాక్టర్ అన్నది గౌరవ డిగ్రీల తాలూకు అని 2017లోనే రచ్చ జరిగింది. అప్పుడు ‘చిన్న విషయం’ అన్నారు అందరూ. మన దగ్గర కరపత్రాల మీద ఎంతమంది డాక్టర్లున్నారో ఒకసారి లెక్కపెట్టండి, జిల్లా ఆసుపత్రిలో కూడా అంతమంది ఉండరు.

ఎవరైనా అడిగితే ‘అభిషిక్తుల జోలికి పోకూడదు’ అని 105వ కీర్తన చూపిస్తారు. ఆ కీర్తనలో మాట అబ్రాహాము ఇస్సాకుల గురించి, పరదేశాల్లో రాజులు వాళ్లకి హాని చేయకూడదని. పాస్టర్‌ని లెక్క అడగకూడదని కాదు.

రాయగడ పెద్ద

బాబూ, 60 రాసినాయన్ని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టడం న్యాయం కాదు.

బరంపురం కుర్రాడు

నిజమే. ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. డాక్టర్ల మాట మాత్రం తీసుకోను.

కొండ ఆసుపత్రి అమ్మ (రిటైర్డ్ నర్సు)

ఏటండీ ఇదంతా. ముప్పై నాలుగేళ్లు మిషను ఆసుపత్రిలో చేసినాను, ఒక్క ముక్క అడుగుతాను. ఆ ఫోటో ఆవిడ ఎందుకు తుడవట్లేదో అయ్యగారు అడిగేరా? ఊరందరి ముందూ ఒప్పుకోడానికి ధైర్యం తెచ్చుకుంటున్నారు గానీ ఇంట్లో వంటగది దాకా వెళ్లడానికి లేదు. పాస్టరమ్మకి అన్నీ తెలుస్తాయి. మీరు కూడిక నుంచి వచ్చి చెప్పులు ఎలగ విడుస్తారో దాన్నిబట్టి తెలుస్తాది. మా వార్డులో సుగరు రోగులు డాక్టరు ముందు ‘తీపి ముట్టనండీ’ అనేవారు, వెనకాల పెళ్లాం నిలబడి తల అడ్డంగా ఊపేది. మేం ఆవిడ్నే చూసి రాసుకునేవాళ్లం.

ముందు ఇంట్లో చెప్పండి. మిగతాది ఎలగ చెప్పాలో ఆవిడే చెప్తాది.

బరంపురం, కథోలిక

మా దగ్గర ఇంత గొడవ లేదు, దారి ఉంది. పాపసంకీర్తనం, అంటే పాపాల ఒప్పుకోలు, విన్న గురువు (ఫాదర్) ఆ సంగతి ఎక్కడా బయటపెట్టకూడదు, అది ఆయనకి ప్రాణం మీదకి వచ్చినా సరే. ఆ గురువు కూడా ఇంకో గురువు దగ్గర మోకాళ్లూనాలి. పోపుగారికి కూడా పాపసంకీర్తనం వినేవారు ఒకరుంటారు. ‘నాయకుడికి ఎవరు’ అనే ప్రశ్నకి మాకు జవాబు తయారుగా ఉంది.

గుణుపురం లెక్కలు

మంచి ఏర్పాటే. రహస్యంగా ఒప్పుకున్నాక 60 అలాగే ఉండిపోతే?

బరంపురం, కథోలిక

ఉండకూడదు. క్షమాపణ దొరికింది కదా అని తప్పు లెక్క అలా వదలడానికి లేదు, చేసిన నష్టం సరిచేయాలన్నది మా బోధలోనే ఉంది. ఎంతమంది చేస్తున్నారంటే, ఆ మాట నన్ను అడక్కండి.

జయపురం లూథరన్

అందరూ ఎవరికి చెప్పాలి అని వాదిస్తున్నారు. అసలు చెప్పుకోడానికి ఆయనకి ఎవరున్నారని ఒక్కరూ అడగలేదు.

మా ఆరాధన మొదట్లో పాపపు ఒప్పుకోలు అందరం కలిసి చదువుతాం, అయ్యగారూ మాతోపాటే చదువుతారు. నేను నలభై ఏళ్లుగా చదువుతున్నాను. నోటికి వచ్చేసింది కాబట్టి మనసుకి పనిలేకుండా పోయింది. అందరం కలిసి ఒప్పుకుంటే ఎవరూ ఒప్పుకోనట్టే అయిపోయే ప్రమాదం ఉంది. రేపు ఈ పాస్టర్ ఆదివారం నిలబడి చెప్పినా అదే జరగొచ్చు. జనం ఏడుస్తారు, ‘ఎంత దీనుడండీ మా అయ్యగారు’ అంటారు. పత్రికలో ఫోటో పోయి దీనత్వం ఫోటో వస్తుంది. పొగడ్త మీద ఆశే జబ్బు అయినప్పుడు ప్రసంగ వేదిక మీద ఒప్పుకోలు మందా, మేతా?

మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న గుంపులకి నియమాలు రాశాడు. వారానికోసారి కలవాలి, ఒక్కొక్కరినీ అడగాలి: పోయినసారి కలిశాక తెలిసి చేసిన పాపం ఏమిటి, ఏ శోధన వచ్చింది, ఎలా తప్పించుకున్నావు. ప్రతివారం అదే ప్రశ్న, అదే ముఖాల ముందు. ఒకసారి ఏడ్చి తప్పించుకోడానికి వీల్లేదు.

ఇప్పుడు మన సరిహద్దు సంగతి చూడండి. తెలుగు పాస్టర్. పక్కన ఒడియా సంఘం, పైన సవర సంఘం. పని వాళ్ల భాషలో నెట్టుకొస్తాడు, గుండె మాత్రం తెలుగులోనే విప్పగలడు. పది మైళ్లలో ఇంకో తెలుగు పాస్టర్ ఉంటే ఆయనతో విశ్వాసుల్ని లాక్కున్నారని మాటల్లేవు. ప్రెస్‌బిటరీ (సంఘాల పెద్దల) మీటింగుకో సెమినారుకో వెళ్తే అక్కడ అందరూ తమ తమ 60లు చెప్పుకుంటారు. ఇలాంటి మనిషి రాత్రి పది గంటలకి రబ్బరు పట్టుకుని కూర్చుంటే ఆశ్చర్యం ఏముంది?

తప్పు చిన్నదని కాదు. అడిగేవాడు లేని చోట పెట్టి, పడ్డాక ఆశ్చర్యపోయే మనం కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లమే.

రాయగడ పెద్ద

ఇది మాత్రం ఒప్పుకుంటాను. నేను ఇద్దరు పెద్దలు అన్నాను. ఆ ఇద్దరూ ఆయన జీతం తీర్మానించేవాళ్లే అయితే ఆయన ఏం చెబుతాడు, ఎంత చెబుతాడు? అది ఆలోచించలేదు. అయినా సంఘం ముందు వద్దన్న మాట మీదే ఉన్నాను. తిమోతికి రాసిన మొదటి పత్రికలో అందరి ఎదుట గద్దించమన్నది పాపంలో కొనసాగే పెద్దల్ని. ఈయన తనంతట తానే వచ్చాడు.

బరంపురం కుర్రాడు

అంతియొకయలో పౌలు పేతుర్ని అందరి ముందే నిలదీశాడు కదండీ, గలతీ 2.

రాయగడ పెద్ద

పేతురు చేసింది కూడా అందరి ముందే, బాబూ. అన్యజనులతో కలిసి తింటున్నవాడు యెరూషలేము వాళ్లు రాగానే లేచిపోయాడు. గుణుపురం ఆయన చెప్పిన కొలతే అది, నాకు అనుకూలంగా పనిచేసింది.

కొండకింద కాపరి

నాలుగు రోజులుగా చదువుతున్నాను, రాయడానికి చేయి రాలేదు.

నర్సమ్మగారి మాట ప్రకారం ముందు ఇంట్లో అడిగాను. మా ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట దించకుండానే చెప్పింది: ‘ఆ రాత్రి మీరు చెరుపుతుంటే చూశాను. మీరే చెప్తారని ఏడాది చూశాను.’ ఇంకేమీ అనలేదు. నేనూ కాసేపు అక్కడే కూర్చుని రాళ్లు ఏరాను.

తర్వాత కోస్తా వాళ్లకి ఉత్తరం రాయడానికి ఇద్దరం కూర్చున్నాం. పోయిన ఏడాది బాప్తిస్మాల పుస్తకం ఆమె చేతికిచ్చి పేర్లు చదవమన్నాను, నేను గీతలు పెట్టాను. పాత బాప్తిస్మాల పుస్తకం పక్కనే ఉంది. సగం అయ్యాక ఆమె ఆగి, ఇద్దరు సవర అమ్మాయిల పేర్ల మీద వేలు పెట్టింది. వాళ్లు మూడేళ్ల క్రితం కింద ఊళ్లో ఇంకో సంఘంలో బాప్తిస్మం పొందినవాళ్లు. పెళ్లై పైకి వచ్చాక నేను మళ్లీ ఇచ్చి లెక్కలో వేసుకున్నాను.

39 అని రాసి ఈ ఉదయం పంపాను. జయపురం ఆయన ఫోన్ నంబరు ఎవరైనా ఆయన్నే అడిగి నాకు విడిగా పంపగలరా?