బంటు రీతి: ‘ఖడ్గము విరాజిల్లు’నా, ‘ఖడ్గమివి రాజిల్లు’నా?

మన గుంపులో పొద్దున్నే ఎవరేం విన్నారో పెట్టుకోవడం అలవాటైంది, చాలా బాగుంది. కాకపోతే మనం పెట్టేది రాగం, తాళం, పాడినవాళ్ళ పేరు, అంతే. సాహిత్యం మీద ఒక్క ముక్క ఉండదు. తెలుగు రాని శ్రోతలు త్యాగరాజ కృతి వినాలంటే ప్రతి మాటకూ అర్థం వెతుక్కుని మరీ వింటారు. మనకు చెవిన పడగానే సగం తెలిసిపోతుంది కాబట్టి మిగతా సగం జోలికి వెళ్ళం. అందుకే ఇవాళ నేను విన్న త్యాగరాజ కృతి ‘బంటు రీతి’ని సాహిత్యంతో సహా పెడుతున్నాను. హంసనాదం రాగం, ఆది తాళం:

బంటు రీతి కొలువీయవయ్య రామ
తుంట వింటి వాని మొదలైన
మదాదుల గొట్టి నేల కూలజేయు నిజ (బంటు)
రోమాంచమనే ఘన కంచుకము
రామభక్తుడనే ముద్రబిళ్ళయు
రామనామమనే వర ఖడ్గమివి
రాజిల్లునయ్య త్యాగరాజునికే

నా ప్రశ్న చివరి రెండు పాదాల గురించి. కొన్ని చోట్ల ‘వర ఖడ్గము విరాజిల్లునయ్య’ అని ఉంటుంది, కొన్ని చోట్ల పైన రాసినట్టు ‘ఖడ్గమివి రాజిల్లునయ్య’ అని. తేడా ఒక్క గుడి, ఒక్క కొమ్ము. అర్థం మాత్రం బాగా మారుతుంది. మొదటి పాఠంలో విరాజిల్లేది కత్తి. రెండోదాంట్లో ఖడ్గము + ఇవి, ఉత్వసంధి. కంచుకం, బిళ్ళ, కత్తి... ఇవన్నీ త్యాగరాజుకే రాజిల్లుతాయి అని.

నా ఓటు ‘ఇవి’కే. మూడు వస్తువులను వరసగా చెప్పుకొచ్చిన కవి చివర వాటిని ఒక మాటతో కూడగట్టకుండా కత్తినొక్కదాన్ని మెరిపించి వదిలేస్తాడా? మొదటి రెండూ క్రియ లేకుండా గాలిలో ఉండిపోతాయి.

అసలు ఆ మూడింటి వరస ఎంత గొప్పదో చూడండి. ఇది కొలువు కోసం పెట్టుకున్న అర్జీ. లోకంలో కొలువు దొరికాక దొర ఇస్తాడు అంగీ, బిళ్ళ, ఆయుధం. ఇక్కడ ఈయన ఆ మూడూ ముందే ఒంటి మీద వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ‘ఇక కొలువొక్కటే బాకీ, ఇవ్వవయ్యా’ అంటున్నాడు. కంచుకం అంటే ఒంటిని అంటిపెట్టుకుని ఉండే తొడుగు, కవచం కూడా. పులకరింతను కంచుకం అనడంలో ఉన్న సొగసు నన్ను వదలదు. ఒళ్ళంతా ఒక్కసారిగా రోమాలు లేచి నిలబడితే అది నిజంగానే ఒంటి నిండా తొడిగినట్టుంటుంది. పైగా దాన్ని ఎవరూ కుట్టివ్వలేరు. తంజావూరులో శరభోజీ ఏలుతున్న కాలంలో పక్కనే తిరువైయారులో ఉండి కూడా ఆస్థానం జోలికి పోలేదని సంప్రదాయం చెప్పే మనిషి, రాముడి దగ్గర మాత్రం నోరు తెరిచి ఉద్యోగం అడిగాడు. అదీ మంత్రి పదవి కాదు, బంటు పని.

మీరేమంటారు?

జవాబు (తెలుగు మాస్టారు, గుంటూరు):

మంచి ప్రశ్న వేశారండీ. క్రియను బట్టి తేల్చుదామంటే కుదరదు. ‘అది రాజిల్లును’, ‘అవి రాజిల్లును’ రెండూ ఒకే రూపం. కాబట్టి ఏకవచనమా బహువచనమా అన్నది క్రియ చెప్పదు. ఇక ‘ముద్రబిళ్ళయు’లో ‘యు’ ఉంది కదా. అది సముచ్చయం, అంటే ‘కూడా’ అని కలిపి చెప్పడం. దాంతో మొదటి రెండూ మూడోదానికి ముడిపడే ఉన్నాయి. అప్పుడు ‘కంచుకము, బిళ్ళయు, ఖడ్గము విరాజిల్లును’ అన్నా వాక్యం తెగదు. మీరన్నట్టు గాలిలో ఏమీ ఉండిపోదు. ‘విరాజిల్లు’ తెలుగులో బాగా నలిగిన మాట కూడా. నేను ‘విరాజిల్లు’ పక్షం అని కాదు, ‘ఇవి’ పాఠం అందమైనదే. కానీ మొదటి పాఠం తప్పు అనడానికి మాత్రం మీ వాదన చాలదు.

అన్నట్టు ‘తుంట వింటి వాడు’ అంటే ఎవరో కొత్తవాళ్ళ కోసం చెప్పాలి. తుంట అంటే చెరకు. విల్లుకు విభక్తి చేరితే ‘వింటి’ అవుతుంది, ఇల్లు ‘ఇంటి’ అయినట్టు. చెరకు విల్లు పట్టినవాడు మన్మథుడు. కామంతో మొదలుపెట్టి మదం వగైరా అరిషడ్వర్గాన్నంతా కొట్టి నేల కూల్చే బంటును అని. ఆరింటి పేర్లూ చెప్పకుండా మొదటివాడి విల్లు చూపించి పని కానిచ్చాడు. పైగా ‘బంటు’కు ‘తుంట’తో ప్రాస.

జవాబు (వీణ నేర్పే టీచర్, చెన్నై):

నమస్కారం మాస్టారూ. పాట వైపు నుంచి ఒక మాట. పాడేటప్పుడు ‘వి’ పై పాదంలోనే పడుతుంది, ‘రాజిల్లు’తో కొత్త పాదం మొదలవుతుంది. రోమాంచ, రామభక్తుడు, రామనామ, రాజిల్లు... పాదాల మొదట్లో అన్నీ ర-కారాలే. ‘విరాజిల్లు’ అని తీసుకుంటే మాట మధ్యలో విరుగుతుంది, ‘ఇవి’ అంటే విరగదు. మా పిల్లలకు నేను ‘ఖడ్గమివి’ అనే నేర్పుతాను. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు రాదు, అర్థం చెప్పి ఎక్కడ ఆగాలో చూపిస్తే వెంటనే పట్టుకుంటారు. అయితే పాదం చివర మాటను విరవడం త్యాగరాజస్వామికి కొత్తేం కాదు, అందుకని దీన్నే రుజువుగా పట్టుకోలేం.

రాగం మాట వచ్చింది కనుక: హంసనాదం 60వ మేళం (మూల రాగం) నీతిమతికి జన్యం, అంటే దాన్నుంచి పుట్టిన రాగం. లక్షణం ప్రకారం షట్శ్రుతి ధైవతం (‘ద’ స్వరంలో ఒక రకం) ఉండాలి. ఇప్పుడు దాదాపు అందరూ దాన్ని వదిలేసి స రి మ ప ని స అనే పాడుతున్నారు. ధైవతంతో పాడిన రికార్డింగు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పెట్టండి, చాలా ఆశగా ఉంది.

జవాబు (కరీంనగర్ నుంచి):

కొలువు అనే మాట మీద ఎవరూ ఆగలేదు. మా దగ్గర ఈనాటికీ కొలువు అంటే ఉద్యోగమే. సర్కారు కొలువు అంటాం, నోటిఫికేషన్లు పడితే పేపర్లు ‘కొలువుల జాతర’ అని రాస్తాయి. అందుకే నాకు ఈ పల్లవికి ప్రతిపదార్థం అక్కర్లేదు. నిరుద్యోగి గొంతు నేరుగా వినిపిస్తుంది. ‘కొలుచు’ అంటే సేవించు, పూజించు అని కూడా కదా. ఉద్యోగం, పూజ రెండూ ఒకే మాటలో ఉన్నాయి కాబట్టే ఈ అర్జీ ఇంత సహజంగా కుదిరింది.

ముద్రబిళ్ళ కూడా పాతబడ్డ వస్తువేం కాదు సార్. బిళ్ళ బంట్రోతు అన్న మాట పెద్దవాళ్ళ నోట ఇంకా ఉంది. ఛాతీకి అడ్డంగా పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళ చూస్తే చాలు, మనిషి ఎవరి తాలూకో తెలిసిపోతుంది, పేరుతో పని లేదు. త్యాగరాజు తన బిళ్ళ మీద చెక్కించుకున్నది ‘రామభక్తుడు’ అన్న ఒక్క మాట.

మొదట పోస్టు పెట్టినవారు:

మాస్టారూ, ‘యు’ సంగతి ఒప్పుకోవలసిందే, పాఠం రెండు విధాలా నిలుస్తుంది. అయినా టీచర్‌గారు చెప్పినట్టు ఆగి పాడితే ‘ఇవి’ అన్న చోట మూడూ చేత్తో చూపిస్తున్నట్టు ఉంటుంది. నేను అలాగే వింటాను.

ఇంకొకటి మిగిలింది. అనుపల్లవి చివర ‘నిజ’ అని వదిలేసి పల్లవికి వెళ్తాడు: ‘నిజ బంటు రీతి’. సంస్కృతంలో నిజ అంటే తన, సొంత. తెలుగులో నిజం అంటే సత్యం. నీ సొంత బంటునా, నిఖార్సయిన బంటునా? శత్రువులను కొట్టి నేల కూల్చేవాడు అని ముందు చెప్పాడు కాబట్టి నాకు రెండోదే తడుతోంది. సంస్కృతం చదివినవాళ్ళు చెప్పాలి.