చిన్న మిల్లులో బోరింగ్ హెడ్: చాటర్ ఆగట్లేదు, సైజు నిలవట్లేదు

మేడమీద_మెషీన్ (కూకట్‌పల్లి)

అందరికీ నమస్తే. నాది బీఎఫ్20 రకం చిన్న మిల్లు, స్పిండిల్ ఎంటీ3 (మోర్స్ టేపర్ 3), మేడ మీద గదిలో పెట్టుకున్నాను. దాని టేబుల్‌కే పవర్ ఫీడ్ పెట్టుకుందామని చిన్న గేర్‌బాక్స్ మొదలుపెట్టాను. 1.5 మాడ్యూల్ (పంటి సైజు) గేర్లు, 20 పళ్లది ఒకటి, 60 పళ్లది ఒకటి, అంటే సెంటర్ల మధ్య దూరం 60 మి.మీ. రెండు పక్కలా 20 మి.మీ. మందం అల్యూమినియం ప్లేట్లు, ఒక్కో ప్లేటులో రెండేసి 6204 బేరింగులు కూర్చోవాలి కాబట్టి అన్నీ 47 మి.మీ. బోర్లే.

అసలు ప్లేట్ల జోలికి పోకముందు తుక్కు ముక్క మీద చేసి చూస్తున్నా. 25 డ్రిల్లుతో తోడి, 50 మి.మీ. బోరింగ్ హెడ్‌లో (బార్‌ని పక్కకి జరిపి రంధ్రం పెద్దది చేసే సాధనం) సెట్‌తో వచ్చిన బ్రేజ్డ్ కార్బైడ్ బార్ పెట్టి, 900 ఆర్‌పీఎం మీద తిప్పుతున్నా. చాటర్ (కోసేటప్పుడు వచ్చే అదురు) మామూలుగా లేదు, మెషీన్ మొత్తం ఊగుతోంది, చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, గోడంతా గరుకు గరుకుగా అలలు. డయల్ మీద 0.10 తిప్పితే ఒకసారి బోరు 0.10 పెరుగుతుంది, ఇంకోసారి 0.25, ఇంకోసారి అసలు కదలదు. పైగా పైన కొలత ఎక్కువ, అడుగున తక్కువ. చవక హెడ్ కాబట్టి ఇంతేనా, లేక ఇంత చిన్న మెషీన్‌తో ఇది అయ్యే పని కాదా?

పాతషాపు (బాలానగర్)

హెడ్‌ని అప్పుడే తిట్టకండి. ముందు దాని పక్కనున్న మూడు స్క్రూలు చూడండి. ఇలాంటి హెడ్లలో చాలావరకు చివర్ల రెండూ గిబ్‌ని (బార్ ఉండే స్లైడులో ఖాళీ లేకుండా ఒత్తే పట్టీ) సరిచేసేవి, మధ్యది లాక్. చివర్లవి స్లైడు కాస్త బరువుగా కదిలేంత బిగించి ఇక ముట్టుకోవద్దు. సైజు మార్చేటప్పుడు మధ్యది వదులు చేయాలి, తిప్పాలి, మళ్లీ బిగించాలి. మూడూ వదిలేసి తిప్పితే స్లైడు దాని ఇష్టం వచ్చినట్టు కూర్చుంటుంది, మీ 0.25 అక్కణ్ణించే వస్తుండొచ్చు. వెనక్కి తిప్పాల్సి వస్తే అరచుట్టు ఎక్కువే వెనక్కి పోయి, మళ్లీ ముందుకి వచ్చి నంబరు దగ్గర ఆపండి. లేకపోతే స్క్రూలో ఉన్న ఖాళీ అంతా మీ బోరులోకి వస్తుంది.

రెండోది, ఆ డయల్ ఏం చెబుతోందో తేల్చుకోండి. కొన్ని హెడ్లలో గీత అంటే వ్యాసం, కొన్నింటిలో స్లైడు కదిలిన దూరం, అంటే బోరు దానికి రెట్టింపు పెరుగుతుంది. స్లైడుకి డయల్ ఇండికేటర్ ఆనించి పది గీతలు తిప్పితే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

ఇక ఆ 900. కార్బైడ్‌తో అల్యూమినియం కోయడానికి ఆ స్పీడు లెక్కప్రకారం ఎక్కువేం కాదు, నిమిషానికి 133 మీటర్లు వస్తుంది. మెటీరియల్ ఒప్పుకుంటుంది, మెషీన్ ఒప్పుకోదు! స్లైడు ఒక పక్కకి జరిగాక ఆ బరువంతా ఒకవైపే తిరుగుతుంటే మీ చిన్న కాలమ్ ఊగకుండా ఎలా ఉంటుంది? 350, 400కి దింపండి. టేబుల్ ఎక్స్, వై రెండూ లాక్ చేయండి. క్విల్ (స్పిండిల్‌తో పాటు కిందికీ పైకీ కదిలే గొట్టం) లాక్ పూర్తిగా కాదు, చేతికి కాస్త బరువు తగిలేలా నొక్కి ఉంచండి.

అడుగున తగ్గుతోందంటే క్విల్ బాగా బయటికి దింపి కోస్తున్నట్టున్నారు. కిందికి పోయేకొద్దీ క్విల్ బయటికొచ్చి వంగడం పెరుగుతుంది, బోరు సన్నమవుతుంది. హెడ్‌స్టాక్‌నే (స్పిండిల్ ఉండే మిల్లు పైభాగం) జాబ్ దగ్గరికి దింపుకుని, క్విల్ ఎంత లోపల ఉంటే అంత మంచిది.

ఆటోనగర్_టర్నర్ (విజయవాడ)

ఇంత తంటా ఎందుకు తమ్ముడూ, ఫేస్‌ప్లేట్ మీద బిగించి లేత్‌లో కొట్టెయ్. సెంటర్ పంచ్ గుర్తుకి డయల్ పెట్టి సెట్ చేసుకుంటే పావుగంట పని, సైజు క్రాస్ స్లైడ్ చూసుకుంటుంది.

మిల్లులోనే చేస్తానంటే ఆ సెట్టు బార్లు పక్కన పెట్టు. వాటి కార్బైడ్ అంచు మొద్దుగా వస్తుంది, కొన్నింటికి అంచు కింద మడమ బోరు గోడకి ఆనుతుంది. అది కోయడం కాదు, రుద్దడం, అరుపంతా అదే. మార్కర్‌తో అంచు కింద రంగు పూసి ఒక్క చుట్టు కోసి చూడు, రంగు ఎక్కడ చెరిగిందో అక్కడ ఆనుతున్నట్టు. అక్కడ గ్రైండ్ చేసి క్లియరెన్స్ ఇవ్వు, కార్బైడ్‌కి ఆకుపచ్చ రాయి లేదా డైమండ్ వీల్ కావాలి, మామూలు బూడిదరంగు రాయి పనికిరాదు. ముక్కు గుండ్రం చిన్నదిగా ఉంచు, పెద్ద రేడియస్ ఉంటే చిన్న మెషీన్లో పక్కా చాటర్.

నన్నడిగితే 18 రాడ్డు తీసుకుని, హెడ్‌లోకి పోయే కొస 12కి తిప్పి, కింద అడ్డంగా రంధ్రం పెట్టి 6 మి.మీ. హైస్పీడ్ స్టీల్ బిట్ దూర్చి గ్రబ్ స్క్రూతో బిగించు. అల్యూమినియానికి సానపట్టిన హైస్పీడ్ బిట్టుని మించింది లేదు. బార్ మందం ఒకటిన్నర రెట్లయితే గట్టితనం ఐదు రెట్లవుతుంది, పొడవు సగం చేస్తే ఎనిమిది రెట్లు. పొట్టిగా, లావుగా ఉండాలంతే.

మేడమీద_మెషీన్

అన్నా, లేత్ ఉంది గానీ చిన్నది, ప్లేటు దాని బెడ్‌కి తగులుతుంది. పైగా 60 సెంటర్ దూరం కచ్చితంగా రావాలి కదా, టేబుల్‌కి స్కేల్ రీడౌట్ ఉంది, అందుకే మిల్లు.

డయల్ టెస్టు చేశాను. పది గీతలకి స్లైడు 0.10 కదిలింది, అంటే బోరు 0.20 పెరగాలి. గిబ్ కూడా వదులుగానే ఉంది. 380 మీద, గిబ్ బిగించాక, ఊగడం బాగా తగ్గింది, అరుపు మాత్రం కొంచెం ఉంది. మార్కర్ పూస్తే మడమ దగ్గరే చెరిగింది, ఆటోనగర్ అన్న చెప్పినట్టే. బార్ గ్రైండ్ చేస్తాను.

గరాజ్_మిల్లర్ (న్యూజెర్సీ)

మంచి త్రెడ్. ఒక మాట ఎవరూ అనలేదు, మిల్లు హెడ్ (బోరింగ్ హెడ్ కాదు, హెడ్‌స్టాక్) టేబుల్‌కి నిలువుగా ఉందో లేదో చూసుకున్నారా? స్పిండిల్‌కి ఇండికేటర్ కట్టి టేబుల్ మీద చుట్టూ తిప్పి చూడాలి, కుడి ఎడమలే కాదు, ముందు వెనకలు కూడా. క్విల్‌తో ఫీడ్ ఇస్తే హెడ్ ఒరిగినా బోరు గుండ్రంగానే వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు, కానీ బోరు మొత్తం ఏటవాలుగా పోతుంది. ఒక్క డిగ్రీ ఒరిగితే 20 మి.మీ. మందంలో 0.35 పక్కకి జరిగినట్టు. క్విల్ లేని మెషీన్లలో, హెడ్ మొత్తం కాలమ్ మీద దిగే వాటిలో, స్పిండిల్ కాలమ్‌కి సమాంతరంగా లేకపోతే బోరు కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది, అయితే ఒక డిగ్రీకి 47లో తేడా 7 మైక్రాన్లే, దాని గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు.

మీ పనికి అసలు కిటుకు రెండు ప్లేట్లనీ డోవెల్ పిన్నులతో (ప్లేట్లు జరగకుండా పట్టే పిన్నులు) కలిపి బిగించి ఒకే సెట్టింగ్‌లో బోర్ చేయడం. అప్పుడు కొంచెం ఏటవాలు ఉన్నా రెండు షాఫ్టులూ ఒకదానికొకటి సమాంతరంగానే ఉంటాయి, గేర్లకి కావాల్సింది అదే. కాకపోతే 40 మి.మీ. లోతు అవుతుంది, బార్ లావుగా ఉండి తీరాలి. కింద పేరలల్స్ (ఒకే ఎత్తున్న స్టీలు పట్టీలు) మీద పైకెత్తి పెట్టుకోండి, బోరు దాటి వచ్చిన బార్ వైస్‌నో టేబుల్‌నో కొరకకుండా.

నాది గుండ్రటి కాలమ్ మెషీన్. అలాంటిది ఉన్నవాళ్లు డ్రిల్లింగ్‌కీ బోరింగ్‌కీ మధ్య హెడ్ ఎత్తితే సెంటర్ పోయినట్టే, కాబట్టి పొట్టి డ్రిల్లు వాడండి. బీఎఫ్20 డవ్‌టెయిల్ కాలమ్ (హెడ్ పక్కకి తిరగకుండా జారే గాడి ఉన్నది) కాబట్టి మీకు ఆ బాధ లేదు.

మేడమీద_మెషీన్

రెండూ కలిపి బోర్ చేయడం నాకు తట్టనే లేదు, థాంక్యూ అన్నా. ఆఖరి ప్రశ్న: చివర్లో సైజు ఎలా పట్టుకోవాలి? 46.80 దాకా ధైర్యంగా వెళ్తా, ఆ తర్వాత చెయ్యి వణుకుతుంది.

పాతషాపు (బాలానగర్)

ఆఖరి 0.20 అని కాదు, ఆఖరి మూడు కట్‌లు అనుకోండి. ఇంకా 0.60 ఉండగానే కట్ లోతు సమానం చేసేయండి, వ్యాసం మీద 0.20 చొప్పున. మీ హెడ్‌కి అది పది గీతలు. బార్ ప్రతిసారీ ఎంతో కొంత వంగుతుంది, కట్ ఒకేలా ఉంటే వంపు కూడా ఒకేలా ఉంటుంది కాబట్టి మొదటి కట్‌కి డయల్‌కీ కొలతకీ ఎంత తేడా వచ్చిందో చూసి తర్వాతవి సరిచేసుకోవచ్చు. 0.50 కోసి, చివర్న 0.02 గీకుదామంటే అంచు కోయదు, జారుతుంది, ఆ తర్వాతి కట్‌లో అంతా ఒకేసారి తీసేస్తుంది. డయల్ ముట్టుకోకుండా అదే సైజు మీద ఇంకోసారి దింపితే కూడా కొంచెం తీస్తుంది, ఆ సంగతి గుర్తుంచుకునే కొలవండి.

కొలవడానికి టెలిస్కోపిక్ గేజ్, మైక్రోమీటర్ చాలు. వెర్నియర్‌తో బేరింగ్ ఫిట్ కొలవొద్దు. కోసిన వెంటనే కూడా కొలవొద్దు, అల్యూమినియం 20 డిగ్రీలు వేడెక్కితే 47 మి.మీ.కి 0.02 పెరుగుతుంది, కిరసనాయిలు పోసి చల్లారాక చూడండి. మామూలు గ్రేడ్ 6204 బయటి వ్యాసం 46.989 నుంచి 47.000 దాకా ఉంటుంది. పుస్తకం ప్రకారం హెచ్7 (బోరుకి ప్రామాణిక టాలరెన్స్) అంటే 47.000 నుంచి 47.025. గేర్‌బాక్స్ వేడెక్కితే అల్యూమినియం స్టీలుకన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి నేనైతే 46.99కీ 47.00కీ మధ్య ఉంచుతాను. బిగించేటప్పుడు సుత్తితో కొట్టకుండా ప్లేటుని అట్ల పెనం మీద వందడిగ్రీల దాకా వేడి చేస్తే బోరు 0.07 పైగా తెరుచుకుంటుంది, బేరింగ్ దాని బరువుకే దిగిపోతుంది. ఆయిల్ సీల్, రబ్బరు మూత ఉన్న బేరింగ్ అయితే పెనం మీద పెట్టేది ప్లేటునే, బేరింగ్‌ని కాదు.

చివరి కట్ అయ్యాక స్పిండిల్ ఆపి, అంచు ఏ వైపుందో చూసుకుని పైకి తీయండి, ఒక సన్నని నిలువు గీత పడుతుంది, ఏం కాదు. ఇంకోటి, మీ హెడ్ షాంక్‌కి మరలతో బిగించే రకమైతే రివర్స్‌లో తిప్పొద్దు, ఊడి వస్తుంది.