టోపీ ఒక సైజు బిగుతు: హ్యాట్ స్ట్రెచర్ ఎలాంటిది కొనాలి, ఎలా వాడాలి? (విశాఖ)

బీచ్‌రోడ్_పొద్దు:

అందరికీ నమస్కారం. రెండు టోపీల గురించి అడుగుతున్నాను.

ఒకటి ఉన్ని ఫెల్ట్ (నేయకుండా ఉన్ని నొక్కి చేసే మందపాటి గుడ్డ) టోపీ. లోపల తోలు పట్టీ, బయట గ్రాస్‌గ్రెయిన్ రిబ్బను (అడ్డంగా సన్న గీతలున్న గట్టి రిబ్బను). లేబుల్ మీద 57 అని ఉంది. రెండోది గడ్డితో అల్లిన పనామా రకం, లోపల గుడ్డ పట్టీ, లేబుల్ 58. తల చుట్టుకొలత మూడుసార్లు తీస్తే 58, 58.2, 58 సెంటీమీటర్లు వచ్చింది. ఫెల్ట్‌ది అరగంట పెట్టుకుంటే నుదుటి మీద ఎర్రగా గీత పడుతోంది, చెవుల పైన మాత్రం వేలు దూరేంత ఖాళీ ఉంది. గడ్డిది ఎండాకాలంలో సరిపోయింది, వానలు మొదలయ్యాక బిగిసింది.

టోపీ లోపల పెట్టి సాగదీసే స్ట్రెచర్లలో చెక్కవీ ఉన్నాయి, ప్లాస్టిక్‌వీ ఉన్నాయి. ఏది తీసుకోవాలి? ఎంత తిప్పాలి, ఎన్ని గంటలు ఉంచాలి? ఆవిరి పట్టమని కొందరు, అస్సలు వద్దని కొందరు అంటున్నారు. తోలు పట్టీ పాడవకుండా చేసే పద్ధతి కావాలి.

కొలతబద్ద:

మీ ఫెల్ట్ టోపీకి స్ట్రెచర్ సరైన మందే. నుదురు దగ్గర నొక్కుతూ పక్కల ఖాళీ ఉందంటే మీ తల కొంచెం పొడుగు ఆకారం, టోపీ అంతకన్నా గుండ్రం. మామూలు స్ట్రెచర్ సాగదీసేది ముందు నుంచి వెనక్కే, కాబట్టి మీకు కావలసిన వైపే సాగుతుంది. ఇదే బాధ చెవుల పైన ఉండి, నుదుటి దగ్గర ఖాళీ ఉన్నవాళ్ళు మాత్రం దీని జోలికి పోకూడదు. టోపీ ఇంకా పొడుగై పక్కలు మరింత బిగుస్తాయి. వాళ్ళు పక్కలకి ఆవిరి పట్టి, చేత్తో బయటికి నొక్కి, ఆరేదాకా తలకే పెట్టుకోవడం మేలు.

ఎక్కడ బిగుతో కచ్చితంగా తేల్చడానికి ఒక విజిటింగ్ కార్డు చాలు. టోపీ పెట్టుకుని పట్టీకి, తలకి మధ్య నాలుగు వైపులా కార్డు దూర్చి చూడండి. దూరని చోటే అసలు చిక్కు ఉంది.

ఇక కొలత. కనుబొమల పైనుంచి, చెవులకి ఒక వేలు పైనుంచి, వెనక తల ఉబ్బు మీదుగా టేపు పోవాలి. లేబుల్‌ని నమ్మకండి, టోపీ లోపల కూడా కొలవండి. మెత్తటి టేపు లోపల నిలవదు. గట్టి కాగితం పట్టీ ఒకటి కత్తిరించి, టోపీ లోపలి పట్టీ వెంట చుట్టూ ఆనించి, కలిసిన చోట గీత పెట్టి, బయటికి తీసి కొలవండి. విదేశీ లేబుళ్ళతో జాగ్రత్త: 57 సెం.మీ. అంటే అమెరికా లెక్కలో 7 1/8, బ్రిటన్ లెక్కలో 7. ఒకే అంకె రెండు దేశాల్లో రెండు సైజులు. మీ తల 58, అంటే అమెరికా 7 1/4. మీకు కావలసింది సరిగ్గా ఒక సైజు, అంటే 1 సెం.మీ. స్ట్రెచర్‌తో భద్రంగా వచ్చేది కూడా అంతే. రెండు సైజులు లాగాలని చూస్తే రిబ్బను కుట్లు పిగిలిపోతాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి: రెండు చెక్క ముక్కలు, మధ్యలో ఒకవైపు కుడి మర, ఇంకోవైపు ఎడమ మర ఉన్న రాడ్డు. తిప్పితే రెండు ముక్కలూ సమానంగా విడిపోవాలి. చెక్క మందం కనీసం మూడు సెంటీమీటర్లయినా ఉండాలి. పలచగా ఉంటే టోపీ లోపల ఆ మందం మేరకే నొక్కి, చుట్టూ గట్టులా గీత పడుతుంది. చౌక ప్లాస్టిక్ స్ట్రెచర్లలో చిక్కేమిటంటే, బిగించినప్పుడు ప్లాస్టిక్కే వంగిపోతుంది. బలం రెండు కొనల మీద పడుతుంది తప్ప చుట్టూ పాకదు. గుడ్డ క్యాపులకి సరిపోతుందేమో గానీ ఫెల్ట్‌కి చెక్కదే తీసుకోండి.

ఎంత తిప్పాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. ముక్కల మధ్య ఎడం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి రెట్టింపు పెరుగుతుంది, ఎందుకంటే ఎడం రెండు పక్కలా వస్తుంది. 8 మి.మీ. మామూలు మర అయితే పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) 1.25 మి.మీ. రెండు వైపులా మర కాబట్టి ఒక చుట్టుకి ఎడం 2.5 మి.మీ., చుట్టుకొలత 5 మి.మీ. పెరుగుతుంది. అంటే ఒక సైజుకి రెండు చుట్లు. మీ స్ట్రెచర్ మర వేరే అయి ఉండొచ్చు, అందుకని టోపీలో పెట్టకముందే ఒక చుట్టు తిప్పి ఎడం స్కేలుతో చూసుకోండి.

ఇప్పుడు పద్ధతి. తోలు పట్టీని లోపలే, మామూలుగా ఉండే చోటే ఉంచండి. మెత్తటి గుడ్డ కొద్దిగా తడిపి పిండి పట్టీ తుడవండి. చెమట ఉప్పు పోకపోతే తోలు సాగదు, పగులుతుంది. తరవాత టోపీ బోర్లించి, మరుగుతున్న కెటిల్ మూతికి 15–20 సెం.మీ. దూరంలో ఫెల్ట్ బయటివైపు, రిబ్బను ఉన్న వరసలో, తిప్పుతూ 20–30 సెకన్లు ఆవిరి పట్టండి. తోలుకి నేరుగా తగలనివ్వకండి. చాలా ఫెల్ట్ టోపీలకి గట్టిదనం కోసం లక్క లాంటి పూత పట్టిస్తారు. ఆవిరికి అది మెత్తబడుతుంది, చల్లారాక మళ్ళీ గట్టిపడి కొత్త ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. ఆవిరి పట్టే ప్రయోజనం అంతా అదే.

స్ట్రెచర్ పూర్తిగా మూసి, పొడుగు ముందు–వెనక వచ్చేలా, పట్టీ ఎత్తులోనే పెట్టండి. పైకి పోతే బుర్ర భాగం ఉబ్బుతుంది, పట్టీ మాత్రం అలాగే బిగుతుగా ఉంటుంది. చేతికి అడ్డు తగిలేదాకా తిప్పి, ఆపైన సగం చుట్టు. ఆపేయండి. రాత్రంతా వదలండి. మర్నాడు ఇంకో సగం చుట్టు. అలా నాలుగు రోజుల్లో రెండు చుట్లు. మొదటి రోజే రెండు చుట్లూ తిప్పితే ఉన్ని ఫెల్ట్ సాగినట్టే సాగి, తీశాక వెనక్కి వచ్చేస్తుంది. బొచ్చు ఫెల్ట్ (కుందేలు లాంటి వాటి బొచ్చుతో చేసేది) ఇంత మొండి కాదు, ఉన్నికి మాత్రం ఓపిక కావాలి.

తడిగాలి:

పై సలహాలో ఆవిరి దగ్గర ఒక జాగ్రత్త చేరుస్తాను. ఉన్ని ఫెల్ట్‌కి ఎక్కువ వేడి, ఎక్కువ తడి కలిస్తే అది కుంచించుకుపోతుంది. ఫెల్ట్ తయారయ్యేదే అలాగ. కాబట్టి 30 సెకన్లు దాటొద్దు, రెండోరోజు మళ్ళీ ఆవిరి పట్టొద్దు. కావాలంటే సన్నగా నీళ్ళు చిమ్మే స్ప్రేతో ఒకటి రెండు సార్లు చిమ్మండి.

వైజాగ్‌లో అసలు పరీక్ష ఆరబెట్టడం దగ్గర. వానాకాలంలో గాలి తేమ 80 శాతం దాటే రోజులు చాలానే ఉంటాయి. వేరే ఊరి వాళ్ళు 24 గంటలు అని రాసింది ఇక్కడ 48 గంటలని చదువుకోండి. చెయ్యి పెట్టి చూస్తే పైన ఆరినట్టే ఉంటుంది, పట్టీ వెనక ఫెల్ట్ ఇంకా చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం పోకముందే స్ట్రెచర్ తీస్తే చేసిన పనంతా వృథా. ఫ్యాను కింద, టోపీ అంచు నేలకి తగలకుండా స్ట్రెచర్ మీదే నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో వద్దు. తోలు పట్టీ మడతలు పడి లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు ఇంకాస్త బిగుతవుతుంది.

ఇంకో సంగతి ఉప్పుగాలి. ఎంవీపీ, లాసన్స్ బే, రుషికొండ వైపు ఉండేవాళ్ళకి కిటికీ గొళ్ళేలు ఎలా తుప్పు పడతాయో తెలుసు, స్ట్రెచర్ రాడ్డు కూడా అంతే. ఇనుప మరయితే ఒక్క వానాకాలంలో పట్టేస్తుంది, తుప్పు నీరు దిగి లేత రంగు గడ్డి మీద గోధుమరంగు మరక పడితే వదలదు. ఇత్తడిది గానీ స్టెయిన్‌లెస్‌ది గానీ చూసి కొనండి. కుట్టుమిషను నూనె ఒక చుక్క మరకి వేసి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచాకే టోపీలో పెట్టండి. చెక్కకి పాత తెల్ల బనీను గుడ్డ ఒక పొర చుట్టండి, మరకకీ అడ్డు, జారుడూ తగ్గుతుంది.

మీ గడ్డి టోపీ విషయానికొస్తే, బిగిసింది గడ్డి కాకపోవచ్చు, గుడ్డ పట్టీ. నూలు పట్టీ చెమటకి తడిసి ఆరిన ప్రతిసారీ కాస్త కుంచించుకుంటుంది. స్ట్రెచర్ పెట్టకముందు అసలు గడ్డేనా, కాగితమా అని చూడండి. నిజమైన పనామా ఈక్వడార్‌లో టొకియా అనే మొక్క ఆకుతో అల్లుతారు. బజారులో ఆ పేరుతో వచ్చేవాటిలో చాలా భాగం పేనిన కాగితంతో చేసినవి. కనపడని చోట ఒక పోగుని తడివేలితో రుద్దితే కాగితం మెత్తబడి నూగు లేస్తుంది. కాగితమైతే తడి పెట్టకండి, పట్టీ ఒక్కదాన్నే తడిగుడ్డతో తుడిచి, స్ట్రెచర్ అడ్డు తగిలేదాకా తిప్పి వదిలేయండి. గడ్డయితే దానికి ఎదురు: పొడిగా ఉన్నప్పుడు లాగితే చిట్లుతుంది, ముందు లోపలివైపు సన్నగా నీళ్ళు చిమ్మి పది నిమిషాలు ఆగాలి. తిప్పుతుంటే చిటుక్కుమని చిన్న చప్పుడు వినపడినా ఒక చుట్టు వెనక్కి తిప్పేయండి.

బీచ్‌రోడ్_పొద్దు:

ఇద్దరికీ చాలా థాంక్సండి. రుద్ది చూస్తే నూగు లేచింది, కాగితమే. పట్టీ ఒక్కటే తడుపుతాను. రెండు సందేహాలు మిగిలాయి. బయటి రిబ్బను సాగుతుందా, దాన్ని విప్పాలా? స్ట్రెచర్‌కి బదులు సరైన సైజు గిన్నె బోర్లించి పెట్టినా, వడ్రంగి చేత చేయించినా పని జరుగుతుందా?

చెక్కపని_అచ్చు:

గిన్నె వద్దండి. గిన్నె గుండ్రం, తల కోడిగుడ్డు ఆకారం. 58 సెం.మీ. చుట్టుకొలత తలకి పొడుగు సుమారు 20 సెం.మీ., వెడల్పు 17 దాకా ఉంటుంది. 58 గిన్నె మీద ఆరిన టోపీ అన్ని వైపులా 18.5 అవుతుంది. కొలత సరిపోయినా నుదురు నొక్కుతూనే ఉంటుంది, పక్కల ఖాళీ ఇంకా పెరుగుతుంది. ఫుట్‌బాల్ గాలి కొట్టి పెట్టేవాళ్ళూ ఉన్నారు, దానిదీ ఇదే తప్పు.

వడ్రంగి చేత చేయించవచ్చు. మెత్తటి అల్యూమినియం తీగని తలచుట్టూ టోపీ కూర్చునే చోట వంచి, జాగ్రత్తగా తీసి అట్ట మీద గీయండి. ఆ గీత మీ తల ఆకారం. ఆ అట్టతో 4 సెం.మీ. మందం టేకు ముక్క కోయించి, అడ్డంగా రెండు చేయించండి. కోసిన చోట మధ్యలోంచి 1.5 సెం.మీ. పట్టీ తీసేయాలి. దాంతో మూసినప్పుడు చుట్టుకొలత 58కి బదులు 55 అవుతుంది, 57 టోపీలోకి సులువుగా దూరుతుంది. మధ్యకి 6 మి.మీ. స్టెయిన్‌లెస్ టర్న్‌బకిల్, హార్డ్‌వేర్ కొట్లో వైరు తాళ్ళు బిగించడానికి అమ్మేది. 316 రకం అడగండి, సముద్రపు గాలికి 304 కన్నా బాగా తట్టుకుంటుంది. 6 మి.మీ. మర పిచ్ 1 మి.మీ., ఒక చుట్టుకి చుట్టుకొలత 4 మి.మీ. పెరుగుతుంది. రెండు చుట్లకి 8, మీ సైజుకి రెండున్నర. టర్న్‌బకిల్ రెండు కొనలూ చెక్కలో గుంత తీసి కూర్చోపెట్టాలి, పైన మేకు కొడితే రెండు బిగింపులకే ఊడుతుంది. బయటి అంచులు గీతలు లేకుండా గుండ్రంగా సాన పట్టించండి. వార్నిష్ వద్దు, తడికి అంటుకుంటుంది.

ముక్కలు విడిపోయాక పక్కల రెండు చోట్ల ఖాళీ మిగులుతుంది. అక్కడ చెక్క మూలలు ఫెల్ట్‌లో దిగి నిలువు గీతలు పడతాయి. కొన్న స్ట్రెచర్లకీ ఈ జబ్బు ఉంది. పాత ఎక్స్‌రే ఫిల్ము లాంటి వంగే ప్లాస్టిక్ రేకు, 4 సెం.మీ. వెడల్పున కోసి, ఖాళీ మీదుగా చెక్కకి, పట్టీకి మధ్యన పెట్టండి.

రిబ్బను సాగదు. గ్రాస్‌గ్రెయిన్ నేత గట్టిది. ఒక సైజు దాకా సాధారణంగా దానికున్న వదులు చాలుతుంది. ప్రతి సగం చుట్టుకీ బో ముడి దగ్గర కుట్లు చూస్తూ ఉండండి. దారం నిటారుగా లాగి కనపడితే, ముడి వెనక రెండు మూడు కుట్లు బ్లేడుతో కోసి, టోపీ సాగాక సన్న సూదితో మళ్ళీ వేసుకోవాలి. ముడి కిందే దాగిపోతాయి, బయటికి కనపడవు.

కొలతబద్ద:

రిబ్బను మాట ఆయన చెప్పిందే సరి. నేను మరిచిపోయిన గుర్తు ఇంకొకటి: టోపీ అంచు అలలా ఊగడం మొదలైతే సాగదీత హద్దు దాటినట్టే. అంచు మొదలయ్యే చోట సాగింది, అంచు చివర సాగలేదు, ఆ తేడా అలలుగా తేలుతుంది. ఒక చుట్టు వెనక్కి తిప్పి, అంచు మీద తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె మధ్యరకం వేడిలో తాకిస్తూ ఎత్తుతూ సరిచేయండి, జరపొద్దు.

పని అయ్యాక స్ట్రెచర్ టోపీలోనే ఉంచాలనుకుంటే అడ్డు తగిలేంత వరకే, బిగుతు లేకుండా. వానాకాలంలో పట్టీ కుంచించుకోకుండా అదే ఆపుతుంది. ఒకవేళ ఎక్కువ సాగిపోతే కంగారొద్దు, పట్టీ వెనక నుదుటి వైపు 3 మి.మీ. స్పాంజి పట్టీ అంటిస్తే ఎక్కువైన వదులు అక్కడే సర్దుకుంటుంది.

ఈ చర్చ చదివేవాళ్ళలో ఎవరైనా హెల్మెట్‌కి ఇది వాడాలనుకుంటే దయచేసి వద్దు. లోపలి థర్మోకోల్ నలిగితే దెబ్బని పీల్చే శక్తి అక్కడే పోతుంది, బయటికి ఏమీ కనపడదు. హెల్మెట్ బిగుతైతే పెద్ద సైజు కొనాల్సిందే. నేవీ, పోర్టు వాళ్ళ పీక్ క్యాపులు (నుదుటి మీద గట్టి చూరు ఉన్నవి) కూడా స్ట్రెచర్‌కి పెట్టకండి, ముందు పీకు కుట్టిన చోట గట్టి పలక సాగదు, బలమంతా దాని రెండు చివర్ల కుట్ల మీదే పడుతుంది. యూనిఫాం కుట్టే టైలరు లోపలి పట్టీ మార్చి ఇస్తాడు.

బీచ్‌రోడ్_పొద్దు:

అర్థమైంది. చెక్కది, ఇత్తడి మరది తీసుకుంటాను. కాగితం టోపీతో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక ఫెల్ట్‌కి వస్తాను.