కొడిసెపాల బెరడులోంచి ఆల్కలాయిడ్ విడదీస్తే మందు దొరికినట్టేనా?

వంశధార (గుణుపురం):
బరంపురంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. మా కొండమీది కొడిసెపాల బెరడు ఎండబెట్టి, దంచి, అమ్మోనియాతో తడిపి క్లోరోఫామ్‌లో నానబెట్టాం. ఆ రసాన్ని ప్లేటు మీద విడగొట్టి, ఆల్కలాయిడ్లని (మొక్కల్లో ఉండే, ఎక్కువగా చేదైన నత్రజని పదార్థాలని) పట్టిచ్చే డ్రాగెన్‌డార్ఫ్ స్ప్రే కొట్టగానే కాషాయం చుక్కలు వరసగా తేలాయి. ఒకటి కొనెసిన్, ఈ బెరడులో ఉంటుందని ముందే తెలిసిన ఆల్కలాయిడే. ఇంకోటి ఏమిటో తేలలేదు గానీ, క్యాన్సర్ కణాల మీద వేస్తే చాలావరకు చచ్చాయి. "మందు కనిపెట్టేశావురా" అంటున్నారు ఇంట్లో. అలా అనొచ్చా?

పర్లాకిమిడి మాస్టారు:
మా అమ్మ జిగట విరేచనాలకి ఈ కషాయమే పోసేది. గ్లాసు అడుగున మడ్డి, నోరంతా చేదు. బెరడులో ఉన్నవన్నీ కలిసి పనిచేస్తాయి బాబూ, ఒక్కదాన్నే లాగితే పాడుచేసినట్టే. కొనెసిన్‌నే చూడు. అమీబా విరేచనాలకి దాన్ని విడిగా ఇస్తే కొందరికి నిద్ర పట్టక కలవరింతలొచ్చాయి.

మహేంద్రగిరి:
మాస్టారూ, కొనెసిన్ సంగతి నిజమే. కానీ ఆ చెడు దేనివల్లో తెలిసింది విడదీశాకే కదండీ! కషాయంలో అది ఎంతుందో ఎవరు కొలిచారు? బిళ్ళగన్నేరు ఆకు షుగరుకి మంచిదని తాగేవారు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ రసం ఎలుకలకి ఎక్కిస్తే షుగరు తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారి పట్టుకునే 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటికి తీశారు. ఈ రోజు పిల్లల లుకేమియాకి ఎక్కించే విన్‌క్రిస్టిన్ కూడా ఆ మొక్కదే. ఆకు నమిలితే ఆ జబ్బు తగ్గదు, మిల్లీగ్రాముల్లో కొలిచి నరానికి ఎక్కించాలి.

తమ్ముడూ, నీకూ ఒక మాట. ప్లేటులో కణాలు బ్లీచింగ్ పౌడరు వేసినా చస్తాయి. మామూలు కణాల మీద వేసి చూశావా? సగం కణాలు చావడానికి ఎంత మోతాదు పట్టింది? నీ పదార్థం లేకుండా, దాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసినచోట ఏమైంది? ఇవి తేలకుండా "మందు" అనకు. మనూళ్లో ఎవరో విని కీమో మానేసి బెరడు ఉడకబెట్టుకుంటారు. నా భయమంతా అదే. ఇంకోటి, చెట్టు చూపించింది ఎవరు? ఆయన పేరు రాశావా?

పర్లాకిమిడి మాస్టారు:
కొలవాలన్నది ఒప్పుకుంటాను. అయితే విడదీసినదాని పక్కనే మా అమ్మ కాచినట్టు కాచిన కషాయం కూడా పెట్టి పరీక్షించు బాబూ. అప్పుడు మాట్లాడుకుందాం.

వంశధార:
డీఎంఎస్‌ఓ పెట్టాం అన్నయ్యా, మామూలు కణాల మీద మాత్రం చెయ్యలేదు. కషాయంతో కలిపి అదీ చేస్తాను. చెట్టు చూపించింది ఒక సవర తాత. ఆయన పేరు రాశాను. వానలు పడకముందు తీసిన బెరడే పనికొస్తుందని కూడా చెప్పారు, అది రాయలేదు. మేం తీసింది ఆగస్టులో.