నిపా యాంటీబాడీ: కోతుల్లో కనిపించిన గడువును మనుషులకు ఎలా అన్వయించాలి?
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. సెమినార్‌కి నిపా వైరస్ మీద పనిచేసే ఎం102.4 అనే యాంటీబాడీ (వైరస్‌ని అడ్డుకునే ప్రొటీన్ మందు) తీసుకున్నాను. ఒకచోట ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఆఫ్రికన్ గ్రీన్ కోతులకు మలేషియా రకం వైరస్ ఎక్కించి, ఐదో రోజున యాంటీబాడీ మొదలుపెట్టినా అవి బతికాయి (2014). బంగ్లాదేశ్ రకంతో 2016లో చేస్తే మాత్రం ఒకటో రోజున లేదా మూడో రోజున మొదలుపెట్టినవే బతికాయి. ఐదో రోజున మొదలుపెడితే లాభం లేకపోయింది. కేరళలో 2018లో వచ్చింది ఈ రెండో దానికి దగ్గరి రకమే, అదే టెన్షన్.

ఈ తేడా యాంటీబాడీ వైరస్ జి ప్రొటీన్‌కి (వైరస్ మన కణాలను పట్టుకునే ప్రొటీన్) అంటుకోవడంలోనా, లేక వైరస్ వేగంలోనా? పైగా కోతికి వైరస్ ఎప్పుడు ఎక్కించారో గంటలతో సహా తెలుసు. మనిషి జ్వరం ముదిరాకే ఆసుపత్రికి వస్తాడు. మరి ఈ మూడు రోజుల లెక్కను రోగి విషయంలో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మా సార్ తప్పకుండా అడిగేది ఇదే.